మన రికార్డుల్లో కనిపించని క్లాసు గురించి రాసి పంపుదాం

బి.ఎడ్. కాలేజీల్లో, డైట్‌లలో (జిల్లా స్థాయి టీచర్ శిక్షణ సంస్థల్లో) ఇంగ్లీష్ బోధన నేర్పే మనం జర్నల్‌కు పేపర్ పంపేటప్పుడు మన క్లాసును మాత్రం పక్కన పెట్టేస్తున్నాం. చాలాకాలంగా నన్ను బాధపెడుతున్న విషయం ఇది. ప్రతి ఏడాదీ ఎన్నో పాఠాలను వెనక బెంచీలో కూర్చుని చూస్తాం. ఛాత్రోపాధ్యాయులు, అంటే మన దగ్గర శిక్షణ పొందే కాబోయే టీచర్లు, ఎక్కడ తడబడతారో, పిల్లలు ఏ ప్రశ్నకు బిగుసుకుపోతారో, ఏ చిన్న మాటతో క్లాసులో మళ్లీ కదలిక వస్తుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తీరా పేపర్ రాయాల్సి వచ్చేసరికి ‘ఇంగ్లీష్ బోధనలో ఐసీటీ (సమాచార సాంకేతికత) పాత్ర’, ‘ఉపాధ్యాయ విద్యలో నూతన ధోరణులు’ లాంటి శీర్షికలు ఎత్తుకుంటాం. పది పేజీలు చదివినా అందులో ఒక్క బడి ఉండదు, ఒక్క ఛాత్రోపాధ్యాయురాలు ఉండదు. అది ఏ ఊరి నుంచైనా, ఎవరైనా రాయగలిగిన పేపర్.

ఇంగ్లీష్ టీచర్ల శిక్షణ మీద వచ్చే జర్నల్‌కు మనం పంపాల్సింది ఇది కాదని నా గట్టి అభిప్రాయం. మనం ఒక్కరమే చూడగలిగినది, మనం రాయకపోతే ఎవరికీ తెలియకుండా పోయేది ఏదుందో దాన్ని పంపాలి. ఈ మాట అంటే స్టాఫ్ రూములో వెంటనే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: “మన దగ్గర ఏముంది మేడమ్ రాయడానికి?”

ఉన్నది చెబుతాను. ఇంటర్న్‌షిప్ సమయంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల, ఏడో తరగతి. మా ఛాత్రోపాధ్యాయురాలు ఒకామె పాఠం చెబుతోంది, పేరు మార్చి పద్మ అనుకుందాం. సంతలో మేకను అమ్మడానికి బయల్దేరి, సగం దారిలో వెనక్కి వచ్చేసిన ఒక కుర్రాడి కథ తనే చిన్నచిన్న ఇంగ్లీష్ వాక్యాల్లో రాసుకొచ్చింది. చదివి వినిపించాక వాడెందుకు వెనక్కి వచ్చాడని ఇంగ్లీష్‌లో అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ అడిగింది. ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి, కథలోని మొదటి వాక్యం యథాతథంగా అప్పజెప్పి కూర్చుంది. అప్పుడు పద్మ చేతిలోని కాగితం బల్ల మీద పెట్టి, తెలుగులో అంది: “మీ ఇంట్లో మేకను అమ్మేస్తామంటే మీరేం చేస్తారు? పక్కవాళ్లతో మాట్లాడుకోండి.” క్లాసంతా ఒక్కసారిగా గోల. మా తాత అమ్మేశాడంటే, మా అమ్మ ఏడ్చిందంటే అని ఒకరి మీద ఒకరు పడి చెప్పుకుంటున్నారు. రెండు నిమిషాలు ఆగి, వాళ్ల మాటల్లోంచి పట్టుకున్న నాలుగైదింటికి ఇంగ్లీష్ పదాలు బోర్డు మీద రాసింది. ‘బికాజ్ హి’ అని రాసి పక్కన గీత గీసింది. “బికాజ్ హి లవ్ గోట్” అన్నాడు కిటికీ దగ్గరి పిల్లాడు. “ఎస్, హి లవ్డ్ ద గోట్” అని నవ్వుతూ తిరిగి చెప్పిందే తప్ప తప్పు అనలేదు. ఆ తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి.

సాయంత్రం తన రికార్డు, అంటే చెప్పిన పాఠం వివరాలు రాసి మా చేత దిద్దించుకునే పుస్తకం, నా ముందుకు వచ్చింది. ఉపాధ్యాయుని చర్య, విద్యార్థి చర్య, బోధనోపకరణాలు, మూల్యాంకనం: అవే గడులు. మేక కథ దగ్గర ఏం రాసిందంటే, టీచర్ ఇంగ్లీష్‌లో అవగాహన ప్రశ్నలు అడిగారు, విద్యార్థులు ఇంగ్లీష్‌లో జవాబిచ్చారు. అంతే. ఆ పీరియడ్‌ను నిలబెట్టిన రెండు నిమిషాల తెలుగు ఊసే లేదు. ఎందుకమ్మా రాయలేదని అడిగితే, “తెలుగు వాడామని రాస్తే మార్కులు తగ్గుతాయని సీనియర్లు చెప్పారు మేడమ్” అంది.

పేపర్ అంటే ఇదే. ఇంగ్లీష్ క్లాసులో పిల్లల భాషకు చోటుండాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 కోసం తయారైన ఇంగ్లీష్ బోధన పత్రమే చెప్పింది. బహుభాషా తరగతి గురించి అంతర్జాతీయ జర్నల్స్‌లో కావలసినంత చర్చ నడుస్తోంది. కానీ కొత్తగా టీచరవుతున్న అమ్మాయి ఆ పనిని ఎవరూ నేర్పకుండానే చేసి, మనం దిద్దే రికార్డుకు భయపడి దాచిపెడుతోందన్న సంగతి ఆ చర్చలో ఎవరు చేరుస్తారు? ఆ రికార్డు మీద సంతకం పెట్టేవాళ్లమే చేర్చాలి. 2014లో వచ్చిన బి.ఎడ్. నిబంధనల ప్రకారం రెండేళ్లలో కనీసం 20 వారాలు ఛాత్రోపాధ్యాయులు బడుల్లో గడపాలి. ఆ 20 వారాల్లో వాళ్లు నిజంగా ఏం నేర్చుకుంటున్నారో చూపే రచనలు మన జిల్లాల నుంచి ఎన్ని వచ్చాయో వెతికి చూడండి.

ఇక్కడొక తేడా తెలుసుకోవాలి. చాలా పేపర్లు రివ్యూయర్ (పేపర్‌ను చదివి అభిప్రాయం చెప్పే నిపుణుడు) దాకా పోకుండానే ఎడిటర్ బల్ల దగ్గరే తిరిగి రావడానికి ఈ తేడా తెలియకపోవడం ఒక కారణం. పిల్లలు ఇంగ్లీష్ ఎలా నేర్చుకుంటున్నారన్నది భాషా బోధన జర్నల్ విషయం. టీచర్లు బోధించడం ఎలా నేర్చుకుంటున్నారన్నది ఉపాధ్యాయ విద్య జర్నల్ విషయం. పద్మ క్లాసు మీదే రెండు రకాల పేపర్లు రాయొచ్చు. జంటగా మాట్లాడుకున్నాక పిల్లల జవాబులు ఎలా పెరిగాయో రాస్తే మొదటిది. పద్మ ఆ నిర్ణయం ఎలా తీసుకుంది, ఎందుకు దాచింది, మన మూల్యాంకనం ఆమెకు ఏం నేర్పుతోంది అని రాస్తే రెండోది. జర్నల్ వాళ్లు తమ పరిధి గురించి రాసే నాలుగు పంక్తులను మనవాళ్లు చదవకుండా దాటేస్తారు. ముందు చదవాల్సింది అదే. తర్వాత ఆ జర్నల్ పాత సంచికలు రెండు మూడు తిరగేసి, అందులో వచ్చిన ఏ వ్యాసంతో మన పేపర్ మాట్లాడుతుందో తేల్చుకోవాలి. అలాంటి వ్యాసం ఒక్కటీ దొరక్కపోతే అది మన పేపర్‌కు తగిన చోటు కాదు.

ఒక్క క్లాసు చూసి ఏం చెప్పగలం, శాంపిల్ సైజు అడగరా అన్నది ఇంకో సందేహం. దీనికి మన దక్షిణాది నుంచే జవాబుంది. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు, ఆయన సహచరులు బెంగళూరులోని ప్రాంతీయ ఆంగ్ల సంస్థ కేంద్రంగా ఒక ప్రయోగం నడిపారు. దక్షిణాదిలోని కొద్దిపాటి మామూలు బళ్లు, కిక్కిరిసిన క్లాసులు. వ్యాకరణం వరుసగా చెప్పడం మాని, పిల్లలకు ఆలోచించి పూర్తి చేసే పనులు ఇచ్చారు. రైల్వే టైంటేబుల్ చదవడం, మ్యాపు చూసి దారి కనుక్కోవడం లాంటివి. బయటి నుంచి వచ్చి ఆ ప్రయోగాన్ని అంచనా వేసిన బెరెట్టా, డేవిస్‌ల వ్యాసం 1985లో ఇంగ్లండ్ నుంచి వెలువడే ఈఎల్‌టీ జర్నల్‌లో వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా టాస్క్ ఆధారిత బోధన గురించి మాట్లాడేటప్పుడు బెంగళూరు పేరు తలవకుండా ఉండరు. తర్వాత 1990లో టెసోల్ క్వార్టర్లీ అనే జర్నల్‌లో ప్రభు రాసిన వ్యాసం మన వృత్తికి ఇంకా దగ్గరిది. ఏ పద్ధతీ అన్ని చోట్లా ఉత్తమం కాదని, తను చేసే బోధన వల్ల పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న విషయంలో టీచర్‌కు సొంతంగా ఒక నమ్మిక, ఒక పట్టు ఏర్పడడమే ముఖ్యమని అందులో వాదించారు. పద్మ చేతిలోని కాగితం కింద పెట్టిన క్షణం సరిగ్గా అలాంటిదే. సంఖ్య చిన్నదైనా, చూపు లోతుగా ఉండి వివరం నమ్మదగ్గదైతే ఎక్కడో ఉన్న ఇంకో శిక్షకుడు తన క్లాసుతో పోల్చుకోగలడు. ఆ పోల్చుకునే వీలు కల్పించడమే మన పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొత్తానికీ వర్తించే తీర్పు చెప్పమని మనల్ని ఎవరూ అడగలేదు.

మరి ఇంత ఉండీ ఎందుకు రాయడం లేదంటే, నేను మనుషుల్ని తప్పుపట్టను. లెక్కలు మనల్ని ఇటు తోశాయి. 2010 నుంచి కాలేజీ అధ్యాపకుల పదోన్నతికి ఏపీఐ స్కోర్లు, అంటే పేపర్లు, సెమినార్లు లాంటివాటిని లెక్కగట్టి ఇచ్చే పాయింట్లు, వచ్చాయి. 2016 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు ఒక పేపర్ అచ్చు కావాలన్నారు. పేపర్ అనేది చదివేవాళ్ల కోసం కాక ఫైలు కోసం అయిపోయింది. ఆ అవసరాన్ని సొమ్ము చేసుకునే జర్నల్స్ పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. యూజీసీ 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నల్స్‌ను తీసేయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా పోయిందో అర్థమవుతుంది. ఇది మన గుమ్మంలోనే జరిగింది కూడా. హైదరాబాద్‌ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసం చేసిందని అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. ఆమోదిత జర్నల్స్ కోసం తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఇక ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే బాధ్యత మన మీదే పడింది. కొందరు దీన్ని గందరగోళమంటున్నారు. నాకైతే మేలే జరిగిందనిపిస్తుంది. జాబితాలో ఉందా లేదా అని చూసే అలవాటు పోయి, లోపల ఏముందో చూడాల్సిన రోజు వచ్చింది.

చూడడం కష్టమేమీ కాదు. వాట్సాప్ గ్రూపులో “48 గంటల్లో యాక్సెప్టెన్స్” అని వచ్చిందంటే ఆ పేపర్‌ను ఎవరూ చదవరనే అర్థం. ఐఎస్ఎస్ఎన్ ఉందని గొప్పగా చెబుతారు. అది పత్రికను గుర్తించడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే, నాణ్యతకు సర్టిఫికెట్ కాదు. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న పేర్లలో ఒకరిద్దరి యూనివర్సిటీ పేజీ తెరిచి చూడండి, అక్కడ ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో. అచ్చయిన రెండు వ్యాసాలు పూర్తిగా చదవండి. ఇంగ్లీష్ బోధన జర్నల్ అన్న పేరు పెట్టుకుని అందులోనే వ్యవసాయం, కామర్స్ పేపర్లు కూడా ఉంటే ఇక చూడక్కర్లేదు. అలాగని డబ్బు అడిగిన ప్రతి జర్నల్ దొంగది కాదు. కొన్ని మంచి జర్నల్స్ కూడా అందరూ ఉచితంగా చదివేలా చేసినందుకు రచయిత దగ్గర రుసుము తీసుకుంటాయి. చదవకుండానే అడిగితేనే అనుమానించాలి. మన దేశంలోనే మనలాంటి వాళ్ల రచనలకు చోటిచ్చే పత్రికలున్నాయి. చెన్నైలో 1969లో ఏర్పడ్డ ఇంగ్లీష్ టీచర్ల సంఘం ఎల్‌టాయ్ నడిపే జర్నల్ ఉంది. ఉదయ్‌పూర్ విద్యాభవన్ సొసైటీ, అజీం ప్రేమ్‌జీ సంస్థ చేయి కలిపి 2012లో మొదలుపెట్టిన ‘లాంగ్వేజ్ అండ్ లాంగ్వేజ్ టీచింగ్’ ఉంది. ఇందులో చిన్న వ్యాసాలకూ, క్లాసు అనుభవాలకూ చోటుంటుంది. మొదటిసారి పంపేవాళ్లు ఇలాంటి చోట మొదలుపెట్టాలంటాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతికి వస్తాను. దీని గురించి మనం మాట్లాడుకోవడమే లేదు. పద్మ గురించి రాయడానికి పద్మ ఒప్పుకోవాలి. అడిగితే ఒప్పుకుంటుంది, అనుమానం లేదు. ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నప్పుడు కాదనే ధైర్యం ఆమెకు ఎక్కడిది? సంతకం పెట్టించుకున్నంత మాత్రాన అది అంగీకారం కాదు. అందుకే మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాక అడగడం మంచిది. వీలైతే మార్కులు వేయని ఇంకో లెక్చరర్ చేత అడిగించాలి. వద్దనుకుంటే ఎప్పుడైనా వద్దనొచ్చని, కారణం చెప్పక్కర్లేదని ముందే చెప్పాలి. రాసింది ఆమెకు చూపించాలి. పద్మ చదివి ఒక చోట ఆపింది. “నేను భయపడి తెలుగులోకి మారానని రాశారు మేడమ్. భయం కాదు, ఆలోచించే మారాను” అంది. ఆ వాక్యం మారింది. దాంతో పేపర్ వాదనే బలపడింది. ఇక బడిలోని పిల్లలు మైనర్లు. హెడ్మాస్టర్ అనుమతి ఒక్కటే చాలదు. పిల్లల మాటలు రికార్డు చేస్తే తల్లిదండ్రులకు తెలుగులో, చదువు రానివాళ్లకు నోటితో, విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇంగ్లీష్‌లో అచ్చేసిన ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే అది ఫైలుకు పనికొస్తుంది గానీ న్యాయానికి పనికిరాదు.

పంపే ముందు చేసే పనులు త్వరగా చెప్పేస్తాను, వీటికి ప్రతి జర్నల్‌కూ సొంత నియమాలుంటాయి. రివ్యూయర్‌కు రచయిత ఎవరో తెలియకూడదు కాబట్టి పేరు, కాలేజీ పేరు తీసేయాలి. ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా పేరు దాగి ఉంటుంది, అదీ తీసేయాలి. ‘జిల్లా కేంద్రంలోని ఏకైక ప్రభుత్వ బి.ఎడ్. కాలేజీ’ అని రాస్తే పేరు తీసేసినా రాసినట్టే. ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపకూడదు. ఒకరు కాదన్నాకే ఇంకొకరికి. రిఫరెన్సులు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి ఏడో కూర్పు ప్రకారం అడిగితే అలాగే ఇవ్వాలి, అడిగినన్ని పదాల్లోనే ముగించాలి. ఏఐ సాయం తీసుకుంటే ఎంతవరకు తీసుకున్నారో దాచకుండా చెప్పాలి. వాక్యం సవరించుకోవడానికి అది పనికొస్తుందేమో గానీ, కిటికీ దగ్గరి పిల్లాడు ఏమన్నాడో దానికి తెలియదు.

ఆ తర్వాత ఎదురుచూపు. నెలలు పడుతుంది, టెన్షన్ సహజం. చివరికి వచ్చే రివ్యూ ఉత్తరం చూసి మనవాళ్లు చాలామంది కుంగిపోతారు. పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమంటే అది తిరస్కారమనుకుని ఫైలు మూసేస్తారు. నిజానికి అది పిలుపు. ఇద్దరు మనుషులు, మనం ఎవరో తెలియకుండా, పైసా తీసుకోకుండా మన రాతను వాక్యం వాక్యం చదివారు. పీహెచ్‌డీ అయ్యాక మనకు పాఠం చెప్పేవాళ్లు ఇంకెవరున్నారు? పద్మ మీద నేను రాసిన పేపర్‌కు వచ్చిన రివ్యూలో ఒకరు అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా అబ్జర్వేషన్ పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకున్నాను: ఈ రికార్డు నమూనాను ఎవరు తయారుచేశారు, దాన్ని మార్చే అధికారం ఎవరికుంది? వెతికితే తేలింది, ఆ గడులను ఏ నిబంధనా కచ్చితంగా ఇలాగే ఉండాలని చెప్పలేదు. ఏళ్ల తరబడి ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్ కాపీ కొట్టుకుంటూ వచ్చినవి. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు, ప్రింటింగ్ షాపు వాళ్లు అమ్మే పుస్తకం చూసి కాలేజీలు. ఆ ప్రశ్న రాకపోతే నా పేపర్ ఒక అమ్మాయి కథగానే ఆగిపోయేది.

రివ్యూకు జవాబు రాసేటప్పుడు ఒక పట్టిక వేసుకోండి. ఎడమవైపు వాళ్లన్న మాట యథాతథంగా, కుడివైపు మనం ఏం మార్చామో, ఏ పేజీలో మార్చామో. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో మర్యాదగా, ఆధారంతో రాయాలి. అన్నిటికీ తలూపక్కర్లేదు. ముఖ్యంగా ఒక మాటకు అస్సలు తలూపొద్దంటాను. ‘ఇంగ్లీష్ మాతృభాష అయినవారితో దిద్దించండి’ అని అప్పుడప్పుడు రాస్తారు. వాక్యం అర్థం కాకపోతే ఏ వాక్యమో చెప్పమని అడగండి, దాన్ని బాగుచేయండి. మన ఇంగ్లీష్ మనదిగా ఉండడం లోపం కాదు. హైదరాబాద్‌లో 1958లోనే కేంద్ర ఆంగ్ల సంస్థ వచ్చింది, అదే ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం). అప్పటి నుంచి ఎన్ని తరాల టీచర్లు అక్కడ నేర్చుకుని మన పల్లెల బడులకు వచ్చారు. అలాంటి నేల మీద నిలబడి, ఇంగ్లీష్ టీచర్లను తయారుచేసే మనమే మన ఇంగ్లీష్ చూసి భయపడితే, రేపు క్లాసులో పద్మలకు ఏ మొహం పెట్టుకుని ధైర్యం చెబుతాం?

తీరిక లేదన్న మాట మాత్రం నిజమే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ప్రైవేటు కాలేజీల్లో ఒకే మనిషి ఇంగ్లీష్ మెథడాలజీ, సైకాలజీ, అడ్మిషన్ల పని, పరీక్షల డ్యూటీ అన్నీ మోస్తున్నారు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. వాళ్లను ఏడాదికి ఇన్ని పేపర్లని అడగడం అన్యాయం. మూడేళ్లకు ఒక్కటి చాలు, అది చూసి రాసిందైతే. యాజమాన్యాలు, యూనివర్సిటీలు సంఖ్య అడగడం మాని ఇంటర్న్‌షిప్ నెలల్లో వారానికి ఒక పూట రాసుకోవడానికి వదిలిపెడితే, సెమినార్లకు పెట్టే ఖర్చూ కొంత మిగలొచ్చు. మంచి పనీ జరుగుతుంది.

ఈ ఇంటర్న్‌షిప్‌కు మేం చుట్టుపక్కల కాలేజీల ఇంగ్లీష్ లెక్చరర్లం కొందరం కలిసి ఒక పని మొదలుపెడుతున్నాం. రికార్డులో ఒక గడి అదనంగా చేర్చాం: అనుకున్నది కాక క్లాసులో ఏం చేశారు, ఎందుకు చేశారు. ఏ భాషలో రాసినా సరే, దానికి మార్కులు లేవు. నెలాఖరున ఆ గడులు చదువుకుని, ఎవరికి ఏది రాయదగ్గదిగా కనిపిస్తే వాళ్లు రెండు పేజీలు రాసి మిగతావాళ్లకు పంపాలి. చిత్తుప్రతిని ఒకరిది ఒకరం రివ్యూయర్లలాగే పేరు లేకుండా చదువుతాం. మీ కాలేజీలో ఇలాంటి గడి ఇప్పటికే ఉంటే, ఛాత్రోపాధ్యాయులు అందులో ఏం రాస్తున్నారో తెలుసుకోవాలనుంది. లేకపోతే ఈసారి రికార్డులు ప్రింటుకు ఇచ్చే ముందే చేర్చండి, ఒకసారి అచ్చయ్యాయంటే మళ్లీ ఏడాది ఆగాలి.